తాళము తప్పిన ఇంజను

కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములలో 20, 25 సంవత్సరములనాటి పెట్రోలు కార్లు ఇప్పటికిని చాల ఇండ్ల ముందు కనిపించుచుండును. 2016లో ఈ రెండు పాత జిల్లాలును విడివడి అనేక జిల్లాలైనవి గాని, జగిత్యాల, మెట్పల్లి, నిర్మలుల మీదుగా సాగు బాటలు మారలేదు. ఆ బాటలపై ఈ పాత బండ్లును ఇంకను తిరుగుచునే ఉన్నవి. వీనిలో కొన్ని తమ కాలమున వేగమునకు పేరుపడినవి. 1999లో వచ్చిన ఫోర్డు ఐకాను, 2001లో వచ్చిన ఫియట్ పాలియో కార్లలో 1.6 లీటర్ల ఇంజను గల రకములను కొన్నవారు ప్రయాణసౌకర్యమును మాత్రమే చూచి కొనలేదు. స్పోర్ట్సు కారు కొనగల స్తోమత లేనివారికి ఆ ముచ్చటను కొంతవరకు తీర్చిన బండ్లవి.

అట్టి కారు ఒకనాడు నిలిచినచోటనే వణకుట మొదలిడును. తొక్కుడు మీద కాలు మోపినచో ముందుకు దుముకుటకు మారుగా ఒక కుదుపు కుదిపి, ఆలోచించి, అప్పుడు కదలును. దీనినే మన షెడ్లలో మెకానిక్కులు 'మిస్సింగు' అందురు. యజమాని ఒకరిని అడుగును, ప్లగ్గులు మార్చుమందురు. మార్చిన పిదపను వణకు పోదు. మరియొకరు కాయిలు అందురు, వేరొకరు పంపు అందురు. ఒక్కొక్క భాగమును కొనుచు పోగా, వేలకొలది రూపాయలు వ్యయమైన తరువాత, 'ముసలి బండి, తూకమునకు అమ్మివేయుడు' అను తుది సలహా లభించును. తరువాత ఎవరైనను విప్పి చూచినచో, లోపమంతయు చీలిన ఒక రబ్బరు గొట్టములోనే ఉండవచ్చును.

ఇట్టి నష్టము జరుగకుండుటకు ఒక మార్గమున్నది. ఏ భాగమును మార్చవలెనని అడుగుటకు ముందు, ఈ కుదుపు ఎప్పుడు వచ్చుచున్నదని అడుగవలెను. ఆ ఒక్క ప్రశ్నకు సరియైన సమాధానము దొరికినచో సగము రోగము తెలిసినట్లే.

ముందుగా ఇంజను స్వభావమును కొంచెము తెలిసికొందము. పూర్వపు కార్లలో కార్బురేటరు ఉండెడిది. లోనికి పోవు గాలియే తన వేగముతో పెట్రోలును పీల్చుకొని తుంపరలుగా చేసికొనెడిది. ఒక స్క్రూను అటునిటు త్రిప్పి, చెవితో విని, ఇంజనును సరిచేయు మెకానిక్కులు ప్రతి ఊరను ఉండెడివారు. ఇంజెక్షను పద్ధతిలో పెట్రోలును పంపు ఒత్తిడితో పంపగా, సన్నని ముక్కుగల ఇంజెక్టరు దానిని చిమ్మును. ఈ పద్ధతి మన రైతులకు క్రొత్త కాదు. బావులమీద నడచిన ఆయిలు ఇంజనులలో డీజిలును చిమ్మిన నాజిలు ఈ జాతిదే. నాజిలు మూసికొనిపోయినచో ఇంజను ఎట్లు దగ్గునో ఎరిగిన పెద్దలు ఇప్పటికిని గ్రామములలో కలరు.

పెట్రోలు కార్లలో ఈ పద్ధతికి ఖ్యాతి తెచ్చినది ఒక స్పోర్ట్సు కారే. 1954లో జర్మనీలో వెలువడిన మెర్సిడెస్ బెంజ్ 300 ఎస్.ఎల్. తలుపులు రెక్కలవలె పైకి లేచుటచే చూపరులను ఆకర్షించినది గాని, ఇంజనీర్లను ఆకర్షించినది దాని ఇంజెక్షను పంపు. ఆ పంపులో ఒక చిక్కును ఉండెను. తాళము త్రిప్పి ఇంజనును ఆపిన పిదపను, ఇంజను తిరుగుట పూర్తిగా నిలుచునంతవరకు పంపు పెట్రోలును చిమ్ముచునే ఉండెడిది. మండని ఆ పెట్రోలు సిలిండరు గోడలమీది నూనెను కడిగివేసెడిది. 1967లో బాష్ సంస్థ విద్యుత్తుతో పనిచేయు ఇంజెక్షనును తెచ్చిన పిదప, ఎంత చిమ్మవలెనో నిర్ణయించు పని ఒక చిన్న కంప్యూటరు పెట్టెకు క్రమముగా సంక్రమించినది. మన దేశమున 2000 ప్రాంతమున పొగను గూర్చిన నిబంధనలు బిగిసినప్పటినుండి కార్బురేటరు కార్లు తగ్గిపోయి, ఈ పెట్టెగల కార్లు చిన్న పట్టణములకును చేరినవి.

పెట్టె ఉన్నను లేకున్నను ఇంజనునకు కావలసినవి నాలుగే: తగినంత గాలి, తగినంత పెట్రోలు, సరియైన క్షణమున నిప్పురవ్వ, ఆ మిశ్రమమును గట్టిగా నొక్కగల బిగువు. ఇందు బిగువును మెకానిక్కులు కంప్రెషను అందురు. పెట్రోలు పూర్తిగా మండుటకు దాని బరువునకు సుమారు 14.7 రెట్లు బరువైన గాలి కావలెను. గాలి ఎంత వచ్చుచున్నది, ఇంజను ఎంత వేడిగా ఉన్నది, తొక్కుడు ఎంత నొక్కబడినది అను విషయములను సెన్సార్లు పెట్టెకు తెలుపుచుండును. పెట్టె లెక్క వేసికొని ఇంజెక్టరును తెరచును. సెన్సారు అబద్ధము చెప్పినచో పెట్టె లెక్కయు అబద్ధమే అగును. పెట్టె చెడినదని మనము తొందరపడి అనుకొను సందర్భములలో పెక్కింట చెడినది దానికి చేరుచున్న వార్తయే.

ఇప్పుడు చెవి చేయవలసిన పని చూతము. నాలుగు సిలిండర్ల ఇంజను నిలుకడగా నిమిషమునకు 800 సార్లు తిరుగుచున్నదనుకొందము. ప్రతి సిలిండరును రెండు చుట్లకు ఒకసారి మండును గనుక, నాలుగును కలిసి నిమిషమునకు 1600 సార్లు, అనగా క్షణమునకు సుమారు 27 సార్లు మండును. ఇన్ని దెబ్బలు ఒకదానినొకటి వెన్నంటి వచ్చుటచే మన చెవికి అది ఏకధాటిగా సాగు ధ్వనివలె తోచును. ఒక సిలిండరు మండుట మానినచో క్షణమునకు ఆరేడు సార్లు ఒక ఖాళీ ఏర్పడును. అది తాళము తప్పిన మృదంగమువలె స్పష్టముగా వినిపించును. సైలెన్సరు చివర ఒక కాగితపు ముక్కను పట్టుకొన్నచో, ఆ ఖాళీ వచ్చినప్పుడెల్ల అది క్రమముగా అదరుచుండును.

లోపము ఇట్లు లయబద్ధముగా ఉన్నచో అది సామాన్యముగా ఏదో ఒక సిలిండరునకు చెందినది: ఒక ప్లగ్గు, ఒక వైరు, ఒక ఇంజెక్టరు లేక ఒక వాల్వు. లయ లేక, ఒకప్పుడు వచ్చి ఒకప్పుడు పోవుచున్నచో, అది అన్ని సిలిండర్లకును సంబంధించిన గాలిలోనో, పెట్రోలులోనో, సెన్సారులోనో ఉండుటకు అవకాశమెక్కువ. ఈ విభజనకు పైకము అక్కరలేదు. రెండు నిమిషములు మాటలాడక వినుటయే కావలసినది.

ఇక 'ఎప్పుడు' అను ప్రశ్నకు వత్తము. కరీంనగరు నుండి ఆదిలాబాదునకు పోవు కారును మనస్సులో ఊహించుకొనండి. పట్టణపు రద్దీలో నిలిచినపుడెల్ల వణకి, జగిత్యాల బాటపై వేగమందుకొనగానే నున్నగా నడచినచో, మొదట అనుమానింపవలసినది లెక్కలోనికి రాని గాలిని. ఏ గొట్టమో చీలి కొంత గాలి దొంగచాటుగా లోనికి పోవుచుండును. నిలిచినపుడు ఇంజను పీల్చు గాలి తక్కువ గనుక ఆ దొంగగాలి వంతు పెద్దదగును. వేగమున అది సముద్రములో కాకిరెట్ట. గాలిద్వారమువద్ద పేరుకొన్న మసియు, నిలుకడ వేగమును కాపాడు చిన్న వాల్వు బిగిసిపోవుటయు ఇట్టి లక్షణములనే చూపును.

అదే కారు మెట్పల్లి, ఆర్మూరు దాటి, సోను దగ్గర గోదావరిని దాటి, నిర్మలుకు ఉత్తరముననున్న మహబూబ్ ఘాటు ఎక్కునపుడు మాత్రమే కుదిపినదనుకొనండి. అప్పుడు ఇంజను బరువు మోయుచున్నది. పెట్రోలు ఎక్కువ కావలెను, నిప్పురవ్వ బలముగా ఉండవలెను. సమతలముపై బాగుండి ఎత్తున కుంగు కారునకు మూసికొనిపోయిన పెట్రోలు ఫిల్టరో, నీరసించిన పంపో, బలహీనమైన కాయిలో, పగిలిన ప్లగ్గు వైరో కారణమగును. ఆదిలాబాదులో రాత్రి గడిపి, పుష్యమాసపు తెల్లవారుజామున, వేడిమి 5 డిగ్రీలకు సమీపించిన వేళ, స్టార్టు చేసినప్పుడు మాత్రమే మొండికేసినచో, ఇంజను వేడిని తెలుపు సెన్సారును పరీక్షింపవలెను. చలిలోనున్న ఇంజనునకు పెట్రోలు ఎక్కువ కావలెను. ఇంజను వేడిగానే ఉన్నదని ఆ సెన్సారు చెప్పినచో పెట్టె తక్కువ పెట్రోలు ఇచ్చును. దీనికి విరుద్ధముగా, ఎంత నడచినను చల్లగానే ఉన్నదని చెప్పినచో, వేడెక్కిన పిదప నల్లని పొగయు, పెట్రోలు వాసనయు వచ్చును. వాన కురిసిన నాడు మాత్రమే మిస్సింగు వచ్చినచో ప్లగ్గు వైర్లను చూడవలెను. చీకటిలో బానెట్టు ఎత్తి చూచినచో, పగిలినచోట నీలిరవ్వలు బయటికి దుముకుట కొన్నిసార్లు కంటికే కనిపించును.

'ఎప్పుడు' తెలిసిన పిదప 'ఏ సిలిండరు' అని అడుగవలెను. ఇంజను నిలుకడగా నడుచుచుండగా ఒక్కొక్క ఇంజెక్టరునకు వచ్చు కరెంటు కనెక్షనును తీసి మరల పెట్టుచు వినవలెను. బాగున్న సిలిండరుది తీసినచో ఇంజను మరింత కుంగును. ఏది తీసినను ధ్వని మారలేదో ఆ సిలిండరే అంతకు ముందునుండి పని చేయుట లేదు. పూర్వము ప్లగ్గు వైరు పీకి చూచెడివారు. ఈ కార్లలో అది తగదు. ఆ వైరులో వేలకొలది వోల్టుల విద్యుత్తు ఉండును. అదిగాక మండని పెట్రోలు సైలెన్సరు దారిలోనికి పోవును.

దోషి సిలిండరు తెలిసినచో ఏ భాగమును కొనకముందే మార్పిడి చేయవలెను. రెండవ సిలిండరు తప్పుచున్నదనుకొనండి. దాని ప్లగ్గును మూడవదానికి, మూడవదాని ప్లగ్గును దానికి బిగింపుడు. తప్పు మూడవదానికి తరలినచో దోషము ప్లగ్గుదే. తరలకున్నచో కాయిలును, వైరును, ఇంజెక్టరును అట్లే ఒక్కొక్కటిగా మార్చి చూడవచ్చును. ఒకేసారి రెండు భాగములను మార్చరాదు. మార్చినచో బాగుపడినను దేనివలన బాగుపడినదో తెలియదు. ఫోర్డు సంస్థ 2021లో మన దేశమున తయారీని నిలుపుచున్నట్లు ప్రకటించినది. ఫియట్ కార్లును క్రొత్తవి వచ్చుట లేదు. ఇట్టి బండ్లకు భాగములు వెదకి తెచ్చుకొనుటయే కష్టమైనపుడు, అక్కరలేని దానిని కొనుట రెండింతల నష్టము.

తీసిన ప్లగ్గును తుడిచివేయకుండ చూడవలెను. దాని కొన లేత గోధుమరంగులో ఉన్నచో ఆ సిలిండరులో మంట ఆరోగ్యముగా ఉన్నది. పొడి మసి పట్టినచో పెట్రోలు ఎక్కువ. తెల్లగా కాలినచో గాలి ఎక్కువ లేక వేడి ఎక్కువ. నూనెతో తడిసినచో రింగులో, వాల్వు సీళ్ళో అరిగినవి. పెట్రోలుతో తడిసినచో రవ్వ రాలేదన్నమాట. నాలుగు ప్లగ్గులను వరుసగా పేర్చి పోల్చినచో ఇంజను జాతకము చాలవరకు కనిపించును.

గాలి విషయమున మన ప్రాంతమునకు కొన్ని ప్రత్యేకబాధలు కలవు. గోదావరిఖని, మంచిర్యాల వైపున బొగ్గుదుమ్ము, కరీంనగరు చుట్టుపట్ల గ్రానైటు క్వారీల దుమ్ము, ఆదిలాబాదున పత్తి అమ్మకముల కాలమున ఎగురు నూగు—ఇవి అన్నియు గాలి ఫిల్టరును సామాన్యపు గడువుకంటె ముందే మూసివేయగలవు. ఎలుకల సంగతియు మరువరాదు. ధాన్యము, పత్తి నిలువయుండు ఇండ్లలో బానెట్టు క్రింది వెచ్చదనమునకు అవి చేరి వైర్లను కొరుకును. పైతొడుగు సరిగానే ఉండి లోని తీగ తెగియుండుటయు కద్దు. చీలిన గొట్టమును కనిపెట్టుటకు ఒక గజము పొడవు రబ్బరు గొట్టము చాలును. ఒక కొనను చెవికి పెట్టుకొని, రెండవ కొనను, తిరుగు బెల్టులకు దూరముగా, అతుకుల వెంబడి నడిపించినచో, దొంగగాలి పాము బుసవలె వినిపించును. వైద్యుడు రొమ్మును వినునట్లే ఇదియు.

తరువాతిది పెట్రోలు. తాళమును 'ఆన్' మెట్టుకు త్రిప్పి స్టార్టు చేయక వినండి. వెనుక సీటు క్రిందనుండి రెండు మూడు క్షణములు సన్నని రొద రావలెను. అది పంపు. రొద వచ్చినంతమాత్రమున ఒత్తిడి చాలినదని అర్థము కాదు. మీటరు తగిలించి కొలువవలెను. చాల కార్లలో అది సుమారు 3 బార్లు ఉండును. సరియైన అంకె కారు పుస్తకములో దొరకును. ఆ పంపు ట్యాంకులోని పెట్రోలులో మునిగి యుండి దానివలననే చల్లబడును. రామగుండములో వేడిమి 45 డిగ్రీలు దాటు రోజులలో, ట్యాంకు అడుగంటు వరకు నడపు అలవాటు పంపునకు ఆయుఃక్షీణము. కనీసము పావు ట్యాంకు నిలువ ఉంచుట మేలు.

పెట్రోలే మారిన సంగతియు గమనింపవలెను. 2025 నాటికి మన దేశపు పెట్రోలులో ఇథనాలు పాలు సుమారు 20 శాతమునకు చేరినది. 2023నకు ముందు వచ్చిన కార్లలో చాలభాగము ఇంత పాలును ఉద్దేశించి చేసినవి కావు. ఇథనాలు మండుటకు పెట్రోలుకంటె తక్కువ గాలి చాలును. అనగా అదే గాలికి ఇంజెక్టరు ఎక్కువ ఇంధనము చిమ్మవలసి వచ్చును. పంపును ఇంజెక్టర్లును బాగున్న కారు దీనిని చాలవరకు సర్దుకొనును. అవి అప్పటికే మసకబారిన కారులో దాగియున్న లోపము బయటపడును. పాత రబ్బరు గొట్టములు మెత్తబడుటయో పగులుటయో జరుగవచ్చును. ఇథనాలు తేమను పీల్చును. నీరు మితిమీరినచో ఆ రెండును కలిసి ట్యాంకు అడుగునకు దిగును, పంపు పీల్చునదియు అక్కడినుండియే. కావున వానకాలమున నెలలకొలది బండిని కదపక నిలుపువారు కొంచెము జాగ్రత్త వహింపవలెను. పెట్రోలు పోయించిన వెంటనే మిస్సింగు మొదలైనచో ఆ తేదీని వ్రాసి యుంచుకొనుట మంచిది.

గాలి, పెట్రోలు, రవ్వ మూడును సరియని తేలిన పిదపనే కంప్రెషను కొలువవలెను. ఒక సిలిండరు బిగువు మిగిలినవానికంటె బాగుగా తగ్గినచో వాల్వులో, రింగులో, హెడ్డు గ్యాస్కెటో లోపము కలదు. అన్నియు తగ్గినచో టైమింగు బెల్టు పన్ను జారెనేమో చూడవలెను. ఇది వ్యయముతో కూడిన పని గనుక చివర వచ్చును. కాని ఈ కొలత కొలువక ఇంజెక్టర్లకు డబ్బు పోయుట గోడ కూలుచుండగా సున్నము వేసినట్లగును.

కంప్యూటరు పరికరము తగిలించినచో రోగము పేరు అదే చెప్పునుగదా అని కొందరందురు. అది చెప్పునది సాక్ష్యము. తీర్పు చెప్పవలసినది మనమే. పి 0302 అను గుర్తు వచ్చినచో రెండవ సిలిండరులో మంట తప్పినదని అర్థము. ప్లగ్గు వలననా, ఇంజెక్టరు వలననా, వాల్వు వలననా అన్నది అది చెప్పదు. పి 0171 వచ్చినచో మిశ్రమమున పెట్రోలు చాలలేదని అర్థము. చీలిన గొట్టమును అదే గుర్తును చూపును, నీరసించిన పంపును అదే గుర్తును చూపును. మరియు పాత కార్లలో పెక్కింటికి నేటి సాధారణపు పరికరము సరిపడకపోవచ్చును. చెవి పట్టిన మెకానిక్కును, పరికరము పట్టిన కుర్రవాడును ఒకే షెడ్డులో ఉన్నచో ఆ షెడ్డుకు బండిని నిశ్చింతగా అప్పగింపవచ్చును.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. మిస్సింగుతోనే 'ఎట్లో నడచుచున్నదిగదా' అని దూరప్రయాణము చేయరాదు. మండని పెట్రోలు సైలెన్సరు దారిలో పొగను శుభ్రపరచు క్యాటలిటిక్ కన్వర్టరులోనికి పోయి అక్కడ మండును. అది ఎర్రగా కాలి పాడగును. దాని వెల తక్కువది కాదు. అంతకంటె భయంకరమైనది మరొకటి కలదు. 2012లో పులుల అభయారణ్యముగా ప్రకటింపబడిన కవ్వాల అడవిదారులలో వేసవియందు ఎండిన టేకాకులు మోకాలులోతు పడియుండును. అట్టి కారును ఆ ఆకులపై నిలిపినచో నిప్పంటుకొనుటకు ఎంతోసేపు పట్టదు. పెట్రోలు గొట్టములు విప్పువారు ముందుగా ఒత్తిడిని తగ్గించి, బ్యాటరీ తీగను తీసి, చుట్టుపట్ల బీడీగాని సిగరెట్టుగాని లేకుండ చూచుకొనవలెను. పెట్రోలు వాసన పట్టి వచ్చుచున్న కారును షెడ్డుకు నడిపింపక లాగించుకొని పోవుటయే క్షేమము.

సొంతకారునకు 15 సంవత్సరములు నిండిన పిదప రిజిస్ట్రేషను కొనసాగవలెనన్నచో బండి పరీక్షకు నిలువవలెను. తరువాత అయిదేండ్లకొకసారి అదే పరీక్ష. మిస్సింగుతో పొగ చెడిన బండి ఆ పరీక్షలో నిలుచుట కష్టము. కావున షెడ్డుకు పోవుటకు ముందు ఒక చిన్న కాగితముపై ఈ అయిదు సంగతులు వ్రాసికొని పొండు: కుదుపు చల్లగా ఉన్నపుడా, వేడెక్కిన పిదపనా, నిలిచినపుడా, ఎత్తు ఎక్కునపుడా, లయ కలదా, లేదా, పొగ రంగు ఏమి, వాసన ఏమి, అది మొదలగుటకు ముందు బండికి ఏమి జరిగినది—పెట్రోలు పోయించుటయా, వానలో తడియుటయా, ఏదైన మరమ్మతా. ఈ కాగితమును మెకానిక్కు చేతికిచ్చి, పాత భాగములను పారవేయక తిరిగి ఇమ్మని అడుగుడు. మంచి పనివాడు ఆ కాగితమును చూచి సంతోషించును. బానెట్టు ఎత్తకముందే రెండు మూడు ప్రశ్నలు తానును వేయును. ప్రశ్న వేయకయే భాగము పేరు చెప్పువానికి నమస్కరించి, బండిని మరియొక షెడ్డుకు త్రిప్పుడు.